కీప్యాడ్‌లో కుంకుమ

నా పనిసంచిలో ఒక పాత కీప్యాడ్ ఉండేది. అరచేతిలో ఇమిడేంత డబ్బా. పైన చిన్న తెర, కింద ఆకుపచ్చ బటన్ ఒకటి, ఎర్రది ఒకటి, అంకెలు మార్చడానికి బాణాల గుర్తులు. వెనకవైపు వైరు గుచ్చే రంధ్రంలో ఎర్రటి పొడి అంటుకుని ఉండేది. ఆరేళ్ళు దాన్ని మోశాను. పారేద్దామని రెండుసార్లు బయటికి తీసి, మళ్ళీ సంచిలోనే పెట్టుకున్నాను. ఆ డబ్బా గురించి ఒకామెకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది చెప్పకుండా డబ్బాను వదిలించుకుంటే నా తప్పు రెట్టింపు అవుతుందనిపించేది.

నేను డ్రైవ్‌లు బాగుచేస్తాను. మాది పాల్మాకుల. ఎయిర్‌పోర్టు వచ్చాక మా చుట్టుపక్కల సగం మంది క్యాబ్‌లు నడుపుతున్నారు కాబట్టి, డ్రైవ్‌ల పని అనగానే మా చుట్టాలు కొందరు నన్నూ ఆ లెక్కలోనే వేసుకున్నారు. పొద్దున నాలుగింటి ఫ్లైటుకు దింపుతావా అని అడిగిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. నాకు ముక్కు మీద కోపం. అందుకని ఇక్కడే ఒకసారి చెప్పేస్తాను. కరెంటుకూ మోటరుకూ మధ్య గోడకు బిగించి ఉండే పెట్టె పేరు డ్రైవ్. మోటరు ఎంత వేగంతో తిరగాలో అది నిర్ణయిస్తుంది. ఆ పెట్టెతో మనం మాట్లాడాలంటే కీప్యాడ్ కావాలి. తిరుగు, ఆగు, మెల్లగా, జోరుగా అని మనం చెప్పేదంతా దాని ద్వారానే లోపలికి పోతుంది.

ఈ రెండింటి మధ్య ఒక సన్నని వైరు ఉంటుంది. ఆ వైరులో మాట తెగిపోతే, లింకు పోయిందంటాం. మా ఫోన్లకు వచ్చే పిలుపుల్లో సగం దాని గురించే. మేము పోయి చేసే మొదటి పని, సంచిలోంచి బాగున్న కీప్యాడ్ తీసి గుచ్చి చూడటం. అది వెలిగితే పాతది పోయినట్టు. వెలగకపోతే వైరు చూడాలి. వైరు బాగుంటే లోపలి బోర్డు. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు, ఓపిక ఉండాలి. నాకు లేనిదల్లా అదే.

ఇంకొక్క సంగతి తెలిస్తే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది. లింకు పోగానే డ్రైవ్ తనంతట తానే మోటరును ఆపేస్తుంది. ఆపమని చెప్పే దారి మూసుకుపోయింది కాబట్టి ఆగిపోవడమే క్షేమం అని దాన్ని తయారుచేసినవాళ్ళు అట్లా పెట్టారు. కానీ ఆ పద్ధతిని మార్చుకునే వీలు కూడా ఇచ్చారు. లోపల ఒక సెట్టింగు ఉంటుంది. అక్కడ ఒకటి ఉంటే మోటరు ఆగుతుంది. సున్నా పెడితే, కీప్యాడ్ బతికినా చచ్చినా మోటరు అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. కోళ్ళ షెడ్డుల్లో ఫ్యాన్లు ఆగితే ఎండాకాలం కోళ్ళు ఉక్కకు చచ్చిపోతాయి. అట్లాంటి చోట్ల కోసం ఆ సున్నా. మేము మాత్రం దాన్ని మేనేజర్ల నోరు మూయించడానికి వాడేవాళ్ళం. ఆ రోజుల్లో నేనూ, నాతో పనిచేసినవాళ్ళూ అందరం అదే చేశాం.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒక అలవాటు చేశాడు. ఏ అంకె మార్చినా తెల్లకాగితం ముక్క మీద రాసి, డ్రైవ్‌ను ఉంచే ఇనుప బీరువా, అంటే ప్యానెల్, దాని తలుపు లోపలివైపు అంటించాలి. పాతది ఎంత, కొత్తది ఎంత, ఎందుకు మార్చాం. తరువాత వచ్చేవాడు గుడ్డివాడిలా తడుముకోకూడదని ఆయన అనేవాడు. ఆ కాగితం అంటించకుండా నేను తలుపు మూసిన రోజులు ఉన్నాయి. వాటిలో ఒకటి మామిడిపల్లి దాటాక ఉన్న దాణా మిల్లులో.

ఆ మిల్లులో కోళ్ళకు మేత తయారయ్యేది. మక్కలు, సోయా, తౌడు. పొడి పట్టే మిషన్ మోతకు పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినబడదు. నెత్తి మీదుగా విమానం దిగుతున్నా దాని నీడ వాకిట్లోంచి పోతేనే తెలిసేది. పట్టిన పొడిని మిక్సరు దాకా తీసుకుపోవడానికి ఒక పొడుగాటి రేకు దోనె, అందులో తిరిగే పెద్ద ఇనుప మర. పైన మూతలు ఉండటం వల్ల మర తిరుగుతున్నదీ ఆగినదీ బయటికి కనిపించదు. దాన్ని నడిపే పని ఒకామెది. కందుకూరు దిక్కు నుంచి వచ్చి మామిడిపల్లిలో ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటుందేమో. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్మీ అనేది.

ప్రతి శుక్రవారం ఆమె తలస్నానం చేసి వచ్చి, పని మొదలుపెట్టే ముందు ప్యానెల్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టేది. ఉంగరం వేలితో, జాగ్రత్తగా, కీప్యాడ్ తెరకు కొంచెం పైన. తెర మీద పెట్టొద్దని నేను చెప్పిన దగ్గర్నుంచి పైనే పెట్టేది. దసరాకు కొబ్బరికాయ కూడా కొట్టి, ప్యానెల్ మీద నాలుగు చుక్కలు చిలకరించేది. మిల్లులో కొత్త మిషన్ మొదలుపెట్టినా, కొత్త లారీ వచ్చినా ఆమె చేతనే బొట్టు పెట్టించేవారు. ఆమె చేతి చలువ అని అందరికీ నమ్మకం. ఒక దసరాకు నేను అక్కడే పనిలో ఉంటే నాకూ పెట్టింది.

"మిషన్‌కు వైద్యం జేసెటోనివి. నీకు పెట్టకపోతే ఎట్ల తమ్మీ" అంది.

ఆమెకు చదువు రాదు. తెర మీద వచ్చే ఇంగ్లీషు అక్షరాలతో ఆమెకు పనిలేదు. "తెర ఎలిగితే మిషన్ తిరుగుతున్నట్టు, ఆరిపోతే ఆగినట్టు. గంతే గదా తమ్మీ?" అని ఒకసారి అడిగింది. ఆ రోజుల్లో అది నిజం. వైరు తెగితే తెర ఆరేది, లింకు పోయి మిషన్ ఆగేది. "మా ఇంజనీర్లకన్న నీకే మంచిగ తెలుసక్కా" అని నవ్వాను. ఆమె ఏది చూసి మిషన్‌ను అర్థం చేసుకుంటుందో నాకు బాగా తెలుసన్నమాట. ఈ సంగతి తెలియదని నేను ఎవరి దగ్గరా తప్పించుకోలేను.

ఒక వర్షాకాలం ఆ కీప్యాడ్ మొరాయించడం మొదలుపెట్టింది. వారంలో మూడు నాలుగు సార్లు తెర ఆరిపోవడం, మర ఆగిపోవడం. మర ఆగితే మిక్సరు ఆగుతుంది, బయట లారీలు ఆగుతాయి. ఆగిన ప్రతిసారీ అక్క మూత ఎత్తి, మరకు చుట్టుకున్న సుతిలీ తాడు ముక్కలు, బస్తా పీచు తీసేసేది. ఎట్లాగూ ఆగింది కదా, ఆ కాస్త పని అయిపోతుంది అనుకునేది. మెయిన్ స్విచ్ దించి తీయాలని గోడ మీద రాసి ఉంది. ఆ స్విచ్ దించితే పొడి మిషన్ కూడా ఆగుతుంది కాబట్టి దించడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

మేనేజరు కోస్తా నుంచి వచ్చినాయన. కోపం వచ్చినా మర్యాద తప్పేవాడు కాదు. "ఏమండీ, ఈ నెలలో మీరు రావడం ఇది మూడోసారి. ఇలా అయితే మేము లారీలు ఎలా పంపించాలండీ? ఏదో ఒకటి చేసి ఆగకుండా చూడండి" అన్నాడు.

వైరు కొన మార్చాను. బాగున్న కీప్యాడ్ పెట్టి చూశాను, గంటసేపు బాగానే ఉంది. పాతది పెట్టాను, అదీ బాగానే ఉంది. వచ్చి పోయే జబ్బును పట్టుకోవాలంటే రోజంతా అక్కడే కూర్చోవాలి. నా ఫోన్ మోగుతూనే ఉంది. ఇంకో రెండు చోట్ల నా కోసం కాచుకుని ఉన్నారు. చికాకు వచ్చింది. సెట్టింగులోకి పోయి ఒకటిని సున్నా చేశాను.

"ఇగ ఆగదు సార్" అని మేనేజరుకు చెప్పాను. ఆయన దండం పెట్టినంత పనిచేశాడు. తెల్లకాగితం తీశాను, పెన్ను కూడా తీశాను. జబ్బు పట్టుకోలేక అంకె మార్చిపోయాడని తరువాత వచ్చేవాడు చదువుతాడు కదా అనిపించింది. కాగితం జేబులో పెట్టుకున్నాను. గేటు దగ్గర అక్క జల్లెడ పడుతోంది. చెయ్యెత్తి ఊపింది. నేనూ ఊపాను. ఆమెకు చెప్పాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. మిషన్ల సంగతి మేనేజర్లకు చెబుతాం, వాటిని నడిపే ఆడవాళ్ళకు ఎవరు చెబుతారు?

రెండు వారాలు తిరగకముందే ఫోన్ వచ్చింది. తెర ఆరిపోయింది. అక్క ఎప్పటిలాగే మర ఆగిందనుకుంది. పొడి మిషన్ మోతలో మర చప్పుడు వినబడే అవకాశం లేదు. వెనక్కి పోయి, మూత ఎత్తి, కనబడిన సుతిలీ కొసను పట్టుకోవడానికి కుడిచెయ్యి లోపల పెట్టింది. ఉంగరం వేలు, చిటికెన వేలు పోయాయి.

నేను పోయేసరికి ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. నేల కడిగి తౌడు చల్లారు. మిల్లంతా ఆపేసి ఉంది. ఆ నిశ్శబ్దంలో మొదటిసారి నాకు అక్కడ పిట్టల అరుపులు వినిపించాయి. ప్యానెల్ దగ్గర నేను ఒక్కణ్ణే. స్విచ్ వేసి, నా సంచిలోని కీప్యాడ్ గుచ్చి, ఆ సెట్టింగు తెరిచాను. సున్నా. నేను పెట్టిపోయిన సున్నా. చుట్టూ చూశాను. బాణం ఒకసారి నొక్కాను, సరే అని ఒకసారి నొక్కాను. మళ్ళీ ఒకటి అయింది. రెండు నొక్కుల పని. నా చేతులు వణకలేదు, అది ఇప్పటికీ నాకు అసహ్యంగా ఉంటుంది.

ఆ తరువాతే పాత కీప్యాడ్ ఊడదీసి వెనక్కి తిప్పాను. రంధ్రంలో కుంకుమ. పసుపు తడికి ముద్దయి, సన్నని పిన్నుల మధ్య పేరుకుపోయి ఉంది. తలుపుకు కీప్యాడ్ బిగించిన సందులోంచి ఎన్నో శుక్రవారాలుగా కొద్దికొద్దిగా జారి చేరింది. నేను వెతకకుండా వదిలేసిన జబ్బు అదే. కనీసం ఒక్కసారి దాన్ని వెనక్కి తిప్పి టార్చి వేసి ఉంటే అప్పుడే కనబడేది.

మేనేజరు కారణం రాసిమ్మన్నాడు. రాశాను. కీప్యాడ్ వెనక రంధ్రంలో పసుపు, కుంకుమ చేరడం వల్ల లింకు పోయింది, కీప్యాడ్ మార్చడమైనది. ఆ కాగితంలో ఒక్క అబద్ధం లేదు. ఆయన రెండుసార్లు చదివాడు.

"అంటే ఆవిడ పెట్టిన బొట్టు వల్లే జరిగిందన్నమాట. పాపం" అన్నాడు.

నేను కాదనలేదు. సంచి సర్దుకున్నాను. పాడైన కీప్యాడ్ ఎవరూ అడగలేదు, సంచిలో వేసుకున్నాను. వారం తిరిగేసరికి మిల్లులో ప్రతి ప్యానెల్ మీద ఒక కాగితం అంటించారు. పసుపు కుంకుమలు పెట్టరాదు అని పెద్ద అక్షరాలతో.

దవాఖానకు ఒకసారి పోయాను. డజను అరటిపళ్ళు పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. నేను రాసిన కారణం నాకంటే ముందే ఆమె దాకా చేరింది. కట్టు కట్టిన చేతిని రొమ్ము మీద పెట్టుకుని నా వైపు చూసింది.

"నా బొట్టే నా చెయ్యిని తిన్నది తమ్మీ. దేవునికి పెట్టేది మిషన్‌కు పెడితిని. నాకు గట్లనే గావాలె" అంది.

చెప్పడానికి అదే సమయం. పక్క మంచం దగ్గర ఎవరో ఉన్నారు, నర్సు ఉంది. ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది, ఊళ్ళో తలెత్తుకోలేను, ఇవన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. "జర ఆరాం చెయ్యి అక్కా" అని బయటికి వచ్చేశాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు ఎవరికి పనికొచ్చింది?

అప్పటినుంచి నాకు ఆరిపోయిన తెర అంటే భయం. ఏ ఫ్యాక్టరీకి పోయినా, తెర నల్లగా కనిపిస్తే ముందు వెనక్కి పోయి మోటరు మీద అరచెయ్యి పెడతాను. అది చల్లగా, కదలకుండా ఉందని తెలిశాకే ఊపిరి తీసుకుంటాను. ఇంట్లో టీవీ కట్టేస్తే కూడా ఆ నల్లటి అద్దం వెనక ఏదో మెల్లగా తిరుగుతున్నట్టు ఉంటుంది. అన్నం తింటుంటే తౌడు వాసన వస్తుంది. ఎక్కడ ఆడవాళ్ళు ఊడుస్తూ కనిపించినా నా చూపు వాళ్ళ కుడిచేతి మీదికే పోతుంది, వేళ్ళు లెక్కపెడుతుంది. దసరాకు మా ఇంటామె నా బండికి బొట్టు పెట్టేటప్పుడు నేను ఏదో పని కల్పించుకుని ఇంట్లోకి పోయేవాణ్ణి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఆ కీప్యాడ్‌ను నేను పరీక్షలకు వాడే చిన్న డ్రైవ్‌కు గుచ్చాను. ఎందుకు గుచ్చానో నాకే తెలియదు. వెలగదనుకున్నాను. వెలిగింది. ఆకుపచ్చటి వెలుతురులో పైన ఆమె బొట్టు మచ్చ స్పష్టంగా కనిపించింది. నేను వేలు పెట్టబోయేలోగా ఆరిపోయింది. మళ్ళీ ఎంత కదిపినా వెలగలేదు. ఊడదీసి మళ్ళీ సంచిలో వేసుకున్నాను.

ఆమె కబుర్లు మిల్లులో బస్తాలు మోసే ఒకన్న వల్ల తెలిసేవి. మిల్లు మానేసిందనీ, మామిడిపల్లిలోనే ఇంటి ముందు గదిలో చిన్న కిరాణం పెట్టుకుందనీ చెప్పాడు. ఒకసారి షంషాబాద్‌లో చాయ్ తాగుతూ ఇంకో మాట కూడా చెప్పాడు.

"పక్కింట్ల పిల్ల పెండ్లైందన్నా. పెండ్లిపిల్లకు బొట్టు పెట్టనీకి రమ్మంటె పోలేదట. నా చేతి బొట్టు అచ్చిరాదు, పిల్లకు మంచిది గాదు అని తలుపేసుకొని గూసున్నదట. గసొంటి మనిషి, ఎట్లుండె, ఎట్లైపాయె."

చాయ్ సగంలో వదిలేసి లేచాను. వేళ్ళు పోయాయని తెలుసు. ఆ చేతి మీద ఆమెకున్న నమ్మకం కూడా పోయిందని అప్పుడే తెలిసింది. మొదటిది మిషన్ చేసింది. రెండోది పూర్తిగా నా కాగితం చేసింది. అయినా నేను పోలేదు. ఇంకో ఏడాది అటు పోవలసి వచ్చినప్పుడల్లా మామిడిపల్లి తగిలే పహాడీ షరీఫ్ దారిని వదిలి చుట్టు తిరిగి పోయాను.

పోయిన నెలలో ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోదాముకు పిలిచారు. డబ్బాలను మోసే బెల్టు, దాని కీప్యాడ్ లింకు పోతోంది. అక్కడి సూపర్‌వైజరు నా భుజం మీద చెయ్యి వేసి, చిన్నగా నవ్వాడు.

"అన్నా, గదంత ఇప్పి చూసుడు ఎందుకు? కీప్యాడ్ పోయినా బెల్టు ఆగకుండ పెట్టొచ్చంట గదా. పోయినసారి వచ్చినాయన చెప్పిండు. గట్ల పెట్టి పో."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పెడ్త. పెట్టినంక నీ చెయ్యి అండ్ల పెడ్తవా? నువ్వు పెడ్తనంటె ఇప్పుడే పెడ్త!" అని అరిచాను. బెల్టు దగ్గరున్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన బిత్తరపోయాడు. "ఏందన్నా, గంత గరమైతున్నవ్?" అని వెనక్కి జరిగాడు. వైరు మార్చి, లింకు సరిచేసి, సంతకం కూడా తీసుకోకుండా బండి ఎక్కాను. దారంతా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ రోజు వణకవలసిన వణుకు ఇన్నేళ్ళకు వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి మా ఇంటామె చింతపండులో గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. సున్నా దగ్గర్నుంచి అరటిపళ్ళ దాకా. ఆమె గింజలు తీస్తూనే విన్నది. నేను ఆపాక చేతులు దులుపుకుంది.

"నాకు జెప్పితే నీ బరువు దిగుతది. ఆమెకేం దిగుతది? పోయి ఆమెకు జెప్పు" అంది. ఆ పూట అన్నం పెట్టింది కానీ నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున మామిడిపల్లి పోయాను. అక్క కిరాణం ముందు అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. కుడిచేతి మూడు వేళ్ళతో చాట అంచును గట్టిగా పట్టుకుంది. నుదుట బొట్టు ఉంది, చిన్న స్టిక్కరు బొట్టు. నన్ను గుర్తుపట్టి మొహమంతా నవ్వింది.

"తమ్మీ! ఎన్నొద్దులకు? కూసో కూసో, చాయ్ పెడ్త."

"చాయ్ వద్దక్కా. ఒక మాట జెప్పనీకి వచ్చిన. జెప్పినంక నువ్వు పొమ్మంటె పోత" అన్నాను.

కీప్యాడ్ తీసి అరుగు మీద పెట్టాను. ఆమె చేతిలో చాట ఆగింది. నేను తల వంచుకుని చెప్పాను. ఆ మిషన్‌ను చేసినవాళ్ళు తెర ఆరిపోతే మర ఆగేటట్టే పెట్టారని, ఆగడం మేనేజరుకు నచ్చక నన్ను పిలిచాడని, నేను ఆగకుండా మార్చానని, నీకు చెప్పలేదని. నీ వేళ్ళు పోయిన రోజు ఎవరూ చూడకుండా మళ్ళీ మార్చి, నీ కుంకుమ పేరు రాశానని. అంతా చెప్పడానికి కొద్దిసేపే పట్టింది.

ఆమె చాట పక్కన పెట్టింది. ఒక పిల్ల బిస్కెట్ల కోసం వస్తే, తరువాత రమ్మని పంపేసింది. తరువాత కీప్యాడ్ చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది. రంధ్రంలోని ఎరుపును బొటనవేలితో తడిమింది.

"నా కుంకుమ అండ్ల వడకపోతే తెర ఆరిపోకుండె గదా?"

"ఆరిపోకుండె. కాని నీ కుంకుమ మిషన్‌ను ఆపేది అక్కా. పడ్డప్పుడల్ల ఆపింది. ఆపుతున్నదనే నన్ను పిలిచిండ్రు. ఆగకుండ చేసింది నేను."

ఆమె ఆ మాటను తనలో తాను మళ్ళీ అనుకుంది. "నా బొట్టు ఆపింది" అంది. తరువాత ఇంకా మెల్లగా, "పక్కింట్ల పిల్లను నేను ఎత్తుకొని పెంచిన తమ్మీ. దాని పెండ్లికి బొట్టు పెట్టనీకి పోలే" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అట్లాంటి ఏడుపు అంతకుముందు చూడలేదు. చప్పుడు లేదు, ఒళ్ళంతా కదిలిపోతోంది.

"తప్పైంది అక్కా" అన్నాను. ఎంత చిన్నమాట అది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. నా మొహం వైపు సూటిగా చూసింది. క్షమించాననలేదు, తిట్టనూ లేదు. కీప్యాడ్‌ను తన పక్కన, చాట కింద పెట్టుకుంది. అది ఇక నాకు తిరిగి రాదని అర్థమై లేచాను. బండి దగ్గరికి పోయి కాలు వేయబోతుంటే వెనక నుంచి పిలిచింది.

"సారూ."

ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఎన్నడూ సారు అనలేదు.

"గట్ల ఇంకెక్కడెక్కడ పెట్టినవ్?"

ఆరేళ్ళు ఆమె చెయ్యి నా కళ్ళముందు నుంచి కదలలేదు, ఆమె కోసమే కుమిలిపోతున్నాననుకున్నాను. నేను సున్నాలు పెట్టి, కాగితం అంటించకుండా వచ్చిన మిగతా మిషన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయని, వాటి పక్కన ఇంకెవరో తెర చూసి చెయ్యి పెడుతున్నారని ఒక్కనాడూ నాకు తట్టలేదు. రెండు వేళ్ళు పోగొట్టుకున్న మనిషికి ఒక్క నిమిషంలో తట్టింది. నేను ఏడ్చిందంతా నా కోసమే అని అరుగు ముందు నిలబడి తెలుసుకున్నాను.

"యాదికి తెచ్చుకుంట అక్కా" అన్నాను.

"తెచ్చుకో. ఇంటికి పోకు. అటే పో" అంది.

బండి రోడ్డు పక్కన ఆపి, జేబులోని పాత బిల్లు వెనక రాయడం మొదలుపెట్టాను. కందుకూరు దగ్గర ఒక పిండిగిర్ని. శ్రీశైలం రోడ్డు మీద పైపుల ఫ్యాక్టరీ, అది మూతపడిందని విన్నాను, మిషన్ ఎక్కడికి అమ్ముకున్నారో తెలియదు. కాటేదాన్ దిక్కు రెండు చోట్లు, పేర్లు గుర్తు రాలేదు. మా పాల్మాకుల దారిలోనే ఒక ఐసు ఫ్యాక్టరీ. నేను రోజూ దాని ముందునుంచే పోతాను.

ముందు అక్కడికే పోయాను. ఊరికే చూసిపోదామని వచ్చానంటే లోపలికి రానిచ్చారు. ఐసు గడ్డలను నలగ్గొట్టే మిషన్, గోడకు నేను బిగించిన ప్యానెల్. తలుపు తెరిచాను. లోపలివైపు ఏ కాగితమూ లేదు. సెట్టింగులోకి పోతుంటే, చూడకముందే నాకు తెలుసు అక్కడ ఏముంటుందో.

సున్నా.

మిషన్ మూతి దగ్గర ఒకామె వంగి, కింద పడిన ఐసు ముక్కలను చేత్తో ఎత్తి లోపలికి తోస్తోంది. బాణం నొక్కి ఒకటి చేశాను. కాగితం మీద రాసి, తలుపుకు అంటించాను. సూపర్‌వైజరు ఏంటన్నా అంటూ వస్తున్నాడు. ఆయనకు తరువాత చెప్పొచ్చు.

"అక్కా, జర ఇటు రా" అని ఆమెను పిలిచాను. "ఈ తెర నీకు జెప్పేదేందో నేను జెప్త. జర నిమ్మళంగ ఇను."

ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. పది వేళ్ళూ ఉన్నాయి.